రహీం సాబ్ బడి



2024లో హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది. అందులో సయ్యద్ అబ్దుల్ రహీం పాత్రను అజయ్ దేవగణ్ వేశారు. ఆ సినిమా పుణ్యమా అని హైదరాబాదులో పుట్టి పెరిగిన ఒక ఫుట్‌బాల్ కోచ్ పేరు ఈ తరం పిల్లల నోట వినపడింది. నాకు ఎంతో సంతోషమైంది. జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, అంతకుముందు రోమ్ ఒలింపిక్స్, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చేసిన పోరాటం, ఇవన్నీ తెరకెక్కించదగిన ఘట్టాలే. అయితే ఆ వెలుగులో ఆయన పనిచేసిన బడులు వెనక్కి వెళ్ళిపోయాయి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు. భారత జట్టుకు కోచ్ కాకముందు రహీం సాబ్ ఈ బడుల్లో పంతులు. పిల్లలకు ఆట నేర్పేవాడి జీవితం ఎలా సాగుతుంది, దాని ఫలం ఎప్పుడు, ఎవరికి అందుతుంది అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ బడుల పేర్లే చెబుతాను.

ఆయన 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. అక్కడి విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి ఆడే ఎలెవెన్ హంటర్స్ జట్టులోనూ, నగరంలో మంచి పేరున్న కమర్ క్లబ్బులోనూ ఆడారు. ఆట ఎంత బాగా వచ్చినా ఆ రోజుల్లో దానితో ఇల్లు గడవదు. బతుకుతెరువుకు ఉపాధ్యాయ వృత్తి పట్టారు. కొన్నాళ్ళు తరగతి గదిలో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో శిక్షణ పొంది వచ్చి, దారుల్ ఉలూమ్‌లో, చాదర్‌ఘాట్‌లో ఆటల బాధ్యత తీసుకున్నారు. మన ఊళ్ళల్లో డ్రిల్లు మాస్టారు అంటామే, అదీ ఆయన ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. నేనూ అదే చేశాను. తరగతిలో యాభై మంది ఉంటే యాభై మందీ గ్రౌండులోకి వస్తారు. కాలు చురుకైనవాడు, ఒంట్లో సత్తువ లేనివాడు, చెప్పులు లేనివాడు, బంతి మీదికి రాగానే కళ్ళు మూసుకునేవాడు, అందరూ మన పిల్లలే. క్లబ్బు కోచ్ అయితే సెలెక్షన్స్ పెట్టి పనికొచ్చేవాళ్ళను ఏరుకుంటాడు. బడి మాస్టారికి ఆ వెసులుబాటు లేదు. ఉన్నవాళ్ళతోనే జట్టు కట్టాలి, ఉన్నవాళ్ళకే నేర్పాలి. పైగా పిల్లలకు నోటితో చెప్పి నేర్పగలిగింది చాలా తక్కువ. పన్నెండేళ్ళ కుర్రాణ్ణి పక్కకు పిలిచి "ఒరే, బంతిని నీ దగ్గరే పెట్టుకోకురా, పక్కవాడికి ఇవ్వు" అని వందసార్లు చెప్పండి. వందసార్లూ తల ఊపుతాడు. మళ్ళీ బంతి కాలికి తగిలిందో, ఒక్కడే గోల్ దాకా లాక్కుపోవాలని చూస్తాడు. అందులో వాడి తప్పేం లేదు. ఆ వయసుకు బంతి దొరకడమే పండగ. కాబట్టి నోరు నొప్పి పుట్టేలా చెప్పడం మానేసి ఆటలో నిబంధన మార్చాలి. నిబంధన మారితే వాడి కాలూ మారుతుంది, చూపూ మారుతుంది.

రహీం సాబ్ చేసింది సరిగ్గా అదే. 1940ల తొలి ఏళ్ళలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. కన్నుమూసేదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు. కార్యదర్శి అంటే కాగితాల మీద సంతకాలు పెట్టే పని అని అనుకోలేదు ఆయన. కుర్రాళ్ళ కోసం పోటీలు పెట్టించారు. వాటిలో రెండు రకాల పోటీల గురించి కాస్త నిదానంగా చెప్పాలని ఉంది.

మొదటిది డ్రిబ్లింగ్ లేని పోటీ. బంతిని కాలితో తట్టుకుంటూ ఎదుటివాళ్ళను ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ పోవడాన్ని డ్రిబ్లింగ్ అంటారు. చూడ్డానికి కన్నులపండువుగా ఉంటుంది. మన దేశంలో ఆ రోజుల్లో ఆటగాడి గొప్పతనాన్ని దానితోనే కొలిచేవారు. రహీం సాబ్ పెట్టించిన ఆ పోటీలో అది నిషిద్ధం. బంతి అందిన వెంటనే ఇంకొకడికి ఇచ్చెయ్యాలి, అంతే. ఈ ఒక్క షరతుతో పిల్లవాడి బుర్రలో ఎంత పని జరుగుతుందో చూడండి. బంతి నా దగ్గరికి వచ్చాక ఆలోచిద్దాంలే అంటే కుదరదు. రాకముందే తలెత్తి చుట్టూ చూడాలి. మనవాడు ఎక్కడున్నాడు, ఎదుటివాడు ఎక్కడున్నాడు, ఖాళీ ఎటుంది, అన్నీ ముందే కనిపెట్టాలి. అక్కడితో అయిపోలేదు. బంతి లేని మిగతావాళ్ళు కూడా నిలబడి చూస్తూ ఉండటానికి లేదు. బంతి ఉన్నవాడు తక్షణం దాన్ని వదిలించుకోవాలి గనక, అందుకోవడానికి వీలైన చోటికి వీళ్ళు పరుగెత్తాలి. ఫుట్‌బాల్ మ్యాచ్ తొంభై నిమిషాలు జరిగితే ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది రెండు మూడు నిమిషాలే. మిగతా సమయమంతా బంతి లేకుండా ఆడాలి. ఆ ఆట నేర్పడమే కోచ్‌కు అన్నిటికన్నా కష్టం. చాదర్‌ఘాట్ మాస్టారు ఒక్క నిబంధనతో దాన్ని పిల్లల ఒంటికి పట్టించారు.

రెండోది చేతకాని కాలితో ఆడే పోటీ. కుడికాలి వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాళ్ళు కుడికాలితో ఆడాలి. కుడికాలి పిల్లవాడికి బంతి ఎడమవైపు వస్తే ఏం చేస్తాడు? ఒళ్ళంతా తిప్పి, బంతిని కుడికాలి కిందికి తెచ్చుకుంటాడు. ఆ తిరిగే క్షణంలో ప్రత్యర్థి వచ్చి బంతి తన్నుకుపోతాడు. ఈ లోపం ఇరవై ఏళ్ళ వయసులో సరిదిద్దబోతే సగమే దారికి వస్తుంది. పది పన్నెండేళ్ళప్పుడు పట్టుకుంటే ఏడాదిలో రెండు కాళ్ళూ సొంతమవుతాయి. ఇంకో మేలు కూడా ఉంది, దాన్ని నేను పిల్లల మధ్య కళ్ళారా చూశాను. చేతకాని కాలితో ఆడితే అందరూ సమానమైపోతారు. రోజూ మెరిసే కుర్రాడు తడబడతాడు. రోజూ వెనకబడేవాడు "ఓహో, వీడికీ రాదన్నమాట" అని ధైర్యం తెచ్చుకుంటాడు. బడిలో పనిచేసిన మనిషికి తప్ప ఇలాంటి ఆలోచన తట్టడం కష్టం.

ఇప్పటి కోచింగ్ కోర్సుల్లో రెండే టచ్‌ల ఆట, ఎడమకాలి గోల్‌కు రెట్టింపు పాయింట్ల ఆట అంటూ ఇవన్నీ పాఠ్యాంశాలు. విదేశీ పుస్తకాల్లో చదివి మనవాళ్ళు కొత్తగా నేర్చుకుంటున్నారు. ఇవి హైదరాబాదు మైదానాల్లో ఏనాడో జరిగాయని వాళ్ళకు చెప్పేవాళ్ళు లేరు.

1950లో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది డ్యూరాండ్ కప్పు ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు తెచ్చారు. 1956-57లోనూ, 1957-58లోనూ హైదరాబాదు జట్టు రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. కలకత్తా పేరు చెబితేనే ఫుట్‌బాల్ అనుకునే దేశం మన నగరం వంక తిరిగి చూసిన రోజులవి. పోలీసు శాఖ ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చింది. పేదింటి కుర్రాడికి నెలకింత జీతం, ఒంటిమీద యూనిఫాం, సాయంత్రం ప్రాక్టీసు. కొడుకును బంతి వెనక పంపడానికి తల్లిదండ్రులు భయపడాల్సిన పని లేకపోయింది. ఇది మరచిపోకూడని సంగతి. కోచ్ ఎంతటివాడైనా పిల్లవాడి ఇంట్లో పొయ్యి వెలగకపోతే వాడు రెండో ఏడాది గ్రౌండుకు రాడు.

అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడే తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు అవతల అమ్ముగూడలో పెరిగాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన బూట్లతో చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నాడని ఆయన కథ చెప్పేవారంతా చెబుతారు. స్థానిక పోటీల్లో ఆ కుర్రాడి ఆట చూసి రహీం సాబ్ హైదరాబాదు శిబిరానికి రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి రోజూ అంత దూరం వచ్చేందుకు బస్సు డబ్బులు ఎక్కడివి? సైకిలుకు ఏర్పాటు చేసింది కూడా రహీం సాబేనంటారు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో బలరాం సంతోష్ ట్రోఫీ ఆడాడు. అదే ఏడాది, 1956లో, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. తర్వాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్ అయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు. చూనీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం అని దేశమంతా ముగ్గురి పేర్లూ కలిపి చెప్పుకుంది. ప్రతిభను గుర్తుపట్టడం చాలామంది చేస్తారు. ఆ ప్రతిభ రేపు ఉదయం గ్రౌండుకు ఎలా వస్తుందని ఆలోచించడం కుర్రాళ్ళ కోచ్ చేసే పని. నా దృష్టిలో ఆ వృత్తిలో సగం బరువు అక్కడే ఉంది.

భారత జట్టుతో ఆయన ప్రయాణం మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఒక గోల్ తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయాం. మనవాళ్ళు చాలామంది ఆ చలిలో ఉత్త కాళ్ళతో ఆడారు. మన దేశంలో అప్పట్లో మ్యాచ్‌లు తొంభై నిమిషాల కంటే తక్కువ సేపు జరిగేవి, అక్కడ తొంభై నిమిషాలూ పరుగెత్తాలి. రహీం సాబ్ ఆ ఓటమిని పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దారు. ఆ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన హంగరీ ఆట తీరును శ్రద్ధగా చూశారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ అంత ఎత్తుకు వెళ్ళలేదు. 1960లో రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా ఆడాం.

1962 జకార్తా ఆసియా క్రీడల దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. అక్కడ నాకు బడి పంతులు కనిపిస్తారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌ను ఓడించాం కానీ ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ మన రక్షణకు వెన్నెముక. కుట్లు పడ్డ తలతో వెనక నిలబడి గాల్లో వచ్చే ప్రతి బంతినీ తలతో ఎదుర్కోవడం ప్రమాదం. వేరే కోచ్ అయితే అతన్ని బెంచి మీద కూర్చోబెట్టేవాడేమో. రహీం సాబ్ అతన్ని ఏకంగా ముందు వరసలో ఆడించారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదన్న వివాదంలో మన అధికారి ఒకరు ఆతిథ్య దేశాన్ని తప్పుపట్టినందుకు సెనయన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవాళ్ళను గేలి చేస్తున్నారు. ఆ హోరులో పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో గెలిచాం. తన కుర్రాళ్ళలో ఎవరు దేనికి పనికొస్తారో, ఎవరిలో బయటికి రానిది ఏముందో రోజూ చూసి తెలిసినవాడు తీసుకునే నిర్ణయం, జర్నైల్‌ను ముందుకు పంపడం. ఫైనల్ ముందు రాత్రి ఆటగాళ్ళను పిలిచి తనకు ఒక కానుక కావాలని, అది ఆ పతకమేనని అడిగారని ఆ జట్టువాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే ఆయన ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న కన్నుమూశారు. 53 ఏళ్ళు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు బంగారం దక్కలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఒక పెద్ద కోచ్ కథ అవుతుంది. కుర్రాళ్ళకు నేర్పేవాడి లెక్క ఆయన పోయాకే మొదలవుతుంది. జకార్తా జట్టులో రక్షణ పంక్తిలో ఆడిన అరుణ్ ఘోష్ తర్వాత కోచ్ అయ్యారు. 1974లో బ్యాంకాక్‌లో ఆసియా యువ ఫుట్‌బాల్ పోటీలు జరిగితే మన కుర్రాళ్ళ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. ఆ జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ, హైదరాబాదు కుర్రాడు. ఫైనల్లో ఇరాన్‌తో 2-2తో సమంగా నిలిచి టైటిల్ పంచుకున్నాం. ఆ వయసువాళ్ళ పోటీల్లో మన దేశం ఆసియా విజేతగా నిలిచింది ఆ ఒక్కసారే. షబ్బీర్ కూడా పెద్దయ్యాక కోచ్ అయ్యారు, గోవాకు చెందిన సల్గావ్‌కర్ జట్టును జాతీయ లీగ్ విజేతగా నిలబెట్టారు. రహీం సాబ్ చివరి రోజుల్లో సిటీ పోలీసుకు ఆడటానికి వచ్చిన కుర్రాడు సయ్యద్ నయీముద్దీన్. 1970 ఆసియా క్రీడల్లో కంచు పతకం గెలిచిన మన జట్టుకు ఆయన కెప్టెన్. 1990లో ద్రోణాచార్య పురస్కారం ఆయనకు వచ్చింది. ఫుట్‌బాల్ కోచ్‌లలో ఆ పురస్కారం అందుకున్న మొదటివారు ఆయనే. మన నగరం నుంచే వెళ్ళిన మహమ్మద్ హబీబ్ 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుకు ఎదురుగా నిలబడి గోల్ కొట్టిన మనిషి. ఆట మానేశాక జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చారు. ఆ అకాడమీ నుంచి భారత జట్టుకు వెళ్ళినవాళ్ళ జాబితా చాలా పెద్దది. ఇలా చాదర్‌ఘాట్ బడి గాలి బ్యాంకాక్‌కు, గోవాకు, జంషెడ్‌పూర్‌కు వీచింది.

మరి చాదర్‌ఘాట్‌లో ఏం మిగిలింది? ఈ ప్రశ్న నన్ను నిజంగా బాధపెడుతుంది. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఆటగాడే. రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత అంతర్జాతీయ రెఫరీ అయ్యారు. 2017లో పదిహేడేళ్ళ లోపు కుర్రాళ్ళ ప్రపంచ కప్ మన దేశంలో జరిగింది. దానికి ముందు దేశమంతటా ప్రతిభ ఉన్న కుర్రాళ్ళను వెతికే పనికి బాధ్యులుగా ఉన్నవారిలో హకీం గారు ఒకరు. చివరికి ఎంపికైన 21 మందిలో ఎనిమిది మంది మణిపూర్ కుర్రాళ్ళు. ఆ కప్పులో మన దేశం తరఫున ఏకైక గోల్ కొట్టిన జీక్సన్ సింగ్ కూడా మణిపూర్ వాడే. తెలంగాణ నుంచి గానీ, ఆంధ్రప్రదేశ్ నుంచి గానీ ఒక్క పిల్లవాడూ లేడు. తండ్రి ఎక్కడ నారు పోశారో అక్కడ కొడుకుకు ఒక్క మొక్క దొరకలేదు.

క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ను మింగేసిందని చాలామంది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. క్రికెట్ కేరళలోనూ ఉంది, బెంగాల్‌లోనూ ఉంది. మన దగ్గర తెగింది వేరే తీగ. నగరంలో బడులు పెరిగాయి, బడుల్లో గ్రౌండ్లు తరిగాయి. మూడో అంతస్తు మీద తరగతి, కింద షాపు ఉన్న బడిలో బంతి ఎక్కడ తన్నాలి? గేమ్స్ పీరియడ్ లెక్కల మాస్టారు అడిగి తీసుకుంటారు, పదో తరగతి పిల్లలకైతే అది టైంటేబుల్‌లో పేరుకే ఉంటుంది. ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చే పాత ఆనవాయితీ సన్నగిల్లింది. మంచి ఆటగాళ్ళు ఎందరో బంగారు రోజుల్లోనే కలకత్తా వెళ్ళిపోయారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడే స్థిరపడ్డారు. బలరాం కూడా చివరిదాకా బెంగాల్‌లోని ఉత్తరపాడాలోనే ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, పదేళ్ళ పిల్లవాడి దగ్గర కూర్చునే కోచ్‌కు మనం గౌరవం ఇవ్వడం మానేశాం.

ఇప్పుడు ఈ వృత్తిలోకి రావాలనుకునే యువకుడికి దారి ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కింది మెట్టు లైసెన్సులు ఇస్తుంది. డి తర్వాత సి, బి, ఏ, చివర ప్రో. పై మెట్టుకు వెళ్ళేకొద్దీ ఫీజులు పెరుగుతాయి, జీతమూ పెరుగుతుంది. పెద్ద లైసెన్సు రాగానే అతను పెద్దవాళ్ళ జట్టుకు వెళ్ళిపోతాడు. చిన్నపిల్లల దగ్గర ఎప్పుడూ కొత్తగా వచ్చినవాడే మిగులుతాడు. నాకు ఇది తలకిందుల ఏర్పాటుగా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి నేర్పడానికే అందరికంటే అనుభవజ్ఞుడు కావాలి. వాడికి ఐదో నంబరు బంతి ఇవ్వకూడదు, మూడో నంబరో నాలుగో నంబరో ఇవ్వాలి. పదకొండు మంది జట్టులో పెడితే బంతి ముట్టుకోకుండానే ఆట అయిపోతుంది, ఐదుగురి ఆట ఆడించాలి. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు గనక, జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడి కంటే దాదాపు ఏడాది పెద్ద. సెలెక్షన్స్‌లో పొడుగ్గా, బలంగా కనిపించేది వాడే. డిసెంబరు పిల్లవాణ్ణి ఓపిగ్గా మరో రెండేళ్ళు చూడాలని తెలిసినవాడు కోచ్. అలాగే గెలుపు కోసం పదహారేళ్ళ వాణ్ణి పద్నాలుగేళ్ళ జట్టులో ఆడించే పాడు అలవాటు మన దేశంలో ఉంది. అసలు వయసు తేల్చడానికి ఎముకల పరీక్షలు పెట్టాల్సిన గతి పట్టింది. అలా తెచ్చిన కప్పు వల్ల నిజంగా పద్నాలుగేళ్ళున్న ఒక పిల్లవాడు ఇంటికి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. ఒప్పందం నడుస్తుండగానే ఆటగాణ్ణి ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు అంతర్జాతీయంగా బదిలీ చేస్తే, ఆ సొమ్ములో 5 శాతం అతనికి 12 ఏళ్ళ నుంచి 23 ఏళ్ళ దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. చిన్ననాటి శిక్షణకు విలువ కట్టిన నిబంధన అది. కానీ ఆ వాటా చేరేది క్లబ్బుకు. బడిలో మొదటిసారి బంతి తన్నించిన పీఈటీ మాస్టారి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

అయినా పని చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారు. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య చిన్నప్పుడు పరుగు పందేల పిల్ల. ఆ పరుగు ఫుట్‌బాల్‌కు పనికొస్తుందని ఒక కోచ్ కనిపెట్టారు. ఆ అమ్మాయి భారత జట్టుకు ఆడింది, క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది, 2024-25 సంవత్సరానికి దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా అకాడమీలో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు, మగపిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. గ్రౌండు ఒకటి, దాని మీద రోజూ నిలబడే మనిషి ఒకరు ఉంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

ఈ ప్రసంగం వింటున్న పీఈటీ మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. వచ్చే వేసవి సెలవుల్లో మీ ఊళ్ళో చేతకాని కాలి పోటీ ఒకటి పెట్టి చూడండి. పెద్ద స్టేడియం అక్కర్లేదు. బడి ఆవరణో, ఊరి చివర కోతలైన పొలమో చాలు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు, జట్టుకు ఏడుగురు, నాలుగో నంబరు బంతి. పది నిమిషాల చొప్పున రెండు సగాలు. వాటమున్న కాలితో బంతి తగిలితే ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపే పెట్టండి, ఆ వయసులో పెద్దగా తేడా ఉండదు. ఆట మొదలవకముందు పిల్లలకు చెప్పండి, ఈ పోటీ మన హైదరాబాదు బడిలో పనిచేసిన ఒక మాస్టారి ఆలోచన అని, ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం అని.